పెదవుల కొలత

కృష్ణానగర్‌లో టైలర్ షాపు మీద రెండో అంతస్తు.
గోడలకు కోడిగుడ్ల అట్టలు, తలుపుకు పాత పరుపు,
యూసఫ్‌గూడ ఆటోలు లోపలికి రాకుండా.
అక్కడ నేను రాణిని.
గంటకు నాలుగువందలు.

తెర మీద నా కళ్లు అరచేతులంత.
నా వెనక ఉప్పుమళ్లు తగలబడుతున్నాయి
(ఉప్పు కాలదని ఆ బొమ్మలు గీసినవాళ్లకు ఎవరు చెబుతారు?)
ఎదురుగా కత్తి దూసిన శత్రు సేనాని.
రాణి ఏడవదు. చిట్టా విప్పుతుంది.

"మీ రాజు ఈ కత్తి కొన్నది నా దగ్గర అప్పు చేసి.
నన్ను చంపితే అప్పు చావదు,
నా తమ్ముడి పేరు మీదికి మారుతుంది.
వాడికి లెక్కలు రావు. పగ ఒక్కటే వచ్చు.
ఇప్పుడు నరుకు."

ఈ మాటలు పదకొండుసార్లు చెప్పాను.
పదోసారికి, నిజంగానే ఎవరో నాకు బాకీ ఉన్నట్టు
గొంతు దానంతటదే గట్టిపడింది.
అప్పటికి మూడు నెలలు.
"పడ్తయ్ అక్కా, డిస్పాచ్ అయినంక" అంటాడు ఎల్లేశం,
మీటల మీంచి తల ఎత్తకుండా.

సేనాని గొంతు దస్తగిరిది.
అతనివి సోమవారాలు, నావి గురువారాలు.
మొహం ఎరగను. హెడ్‌ఫోన్లో మాత్రం
ప్రతి మాటకూ ముందు అతను పీల్చే గాలి తెలుసు,
సోంపు నమిలే చప్పుడు తెలుసు,
జూలైలో పట్టిన జలుబు ఆగస్టు దాకా వదల్లేదని తెలుసు.
కోపం సీన్లలో కర్నూలు బయటపడుతుంది.

తొమ్మిదో భాగంలో కత్తి దించి అతను ప్రేమ చెప్పాలి.
వామనరావు గారు "నిన్ను ప్రేమిస్తున్నాను" అని రాశారు.
ఏడు అక్షరాలు.
బొమ్మ నోరు కదిలేది నాలుగుసార్లే,
రెండోదాని దగ్గర పెదవులు కలుస్తాయి.
మిగిలిన మూడు అక్షరాల ప్రేమను ఎక్కడ పెట్టాలి?
నలభై రోజుల ముట్టడిలో
శత్రువుల గంజిలోకి ఉప్పు పంపింది రాణే కదా.
ఆ సోమవారం అతను, కాగితంలో లేనిది,
"ఉప్పు తిన్నా" అన్నాడు.
నాలుగు. 'ప్పు' దగ్గర పెదవులు కలిశాయి.
గురువారం అది విని
నా జవాబు మర్చిపోయి నిలబడ్డాను.
ఎల్లేశం వెనక్కి తిప్పాడు.
మళ్లీ తిప్పమన్నాను.

చివరి భాగం. గుర్రాలు, గద్దల గుంపులు, కూలుతున్న బురుజులు.
ఆ రొద అడుగున, మైకుకి మరీ దగ్గరగా,
మామూలు గొంతు:
"మేడమ్, గురువారం నుంచి మేం ఎవరం రావట్లే,
బాకీ ఇచ్చేదాకా. మీరూ దిగిరండి.
కింద చాయ్ కొట్టు కాడ ఉంటా."

తెర మీద రాణి నోరు తెరుస్తోంది, మూస్తోంది.
సంధి ప్రకటిస్తున్నట్టుంది.
హెడ్‌ఫోన్ తీసి కుర్చీకి తగిలించాను.
మాట లేని యుద్ధం చేపల తొట్టిలా ఉంది.
ఎల్లేశం ఈసారి తల ఎత్తాడు, ఏమీ అనలేదు.
వాడికి నాలుగు నెలలు.

మెట్ల మీద తడి. వాన ఇప్పుడే వెలిసింది.
సైన్యాలను ఆపిన గొంతు
"చక్కెర తక్కువ వెయ్ అన్నా" అంటోంది.
పొట్టివాడు. మోచేతికి హెల్మెట్, చెవుల దగ్గర నెరుపు.
ఉస్మానియా బిస్కెట్ సగం విరిచి నా వైపు జరిపాడు.
"నా లెక్క తొమ్మిదివేల ఆరువందలు" అన్నాను. "మీదెంత?"
చెప్పాడు.
అవే భాగాలు, అవే గంటలు,
నాదానికి సరిగ్గా రెట్టింపు.
చెప్పాక అది అతనికీ వినబడింది.
గ్లాసు కింద పెట్టాడు.

రాణి అయితే చిట్టా విప్పేది.
నేను ఇంకో రెండు చాయ్‌లు చెప్పమన్నాను.
ఇది కొట్టు మూసేదాకా సాగేట్టుంది.